మాకు తెలిసిన ఏజెన్సీ వేరు

జై ఆదివాసీ.

ఇది కొంచెం పెద్ద పోస్టు. డిగ్రీ ఆఖర్లో ఉన్నవాళ్ళు, బీటెక్కో డిప్లొమానో అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. దీన్ని మొదలుపెట్టి మూడు వారాలైంది. రాయడం, సిగ్గేసి చెరిపేయడం, మళ్ళీ రాయడం. ఇక ఈ రోజు పెట్టేస్తున్నాం.

మేము ఏలూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నలుగురం. ఒకటే రూము. ఒకడిది బుట్టాయగూడెం వైపు. ఒకడిది జీలుగుమిల్లి వైపు. ఒకడిది కుకునూరు మండలం, వాళ్ళ ఊరు పోలవరం ముంపులోకి పోయింది, ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. నాలుగోవాడిది కైకలూరు వైపు కొల్లేరు, యానాదుల కుటుంబం. అందరం డిగ్రీ కంప్యూటర్స్ ఫైనలియర్. మా నాలుగిళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

ముందే ఒక మాట. ఈ కథలో మాలో ఒకడు 38,500 రూపాయలు పోగొట్టుకున్నాడు. ఎవడు అని అడగొద్దు. కట్టినవాడికి ధైర్యం చెప్పి పంపింది మిగతా ముగ్గురం. ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చుంది మేమే. కాబట్టి కట్టింది "మేము" అనే రాస్తున్నాం.

చిన్నప్పుడు మా ఇళ్ళల్లో అందరూ ఒకటే చెప్పేవాళ్ళు. బీఈడీ చెయ్యి, మన ఊళ్ళోనే టీచరు అవుతావు అని. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఉండేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఆ వార్త వచ్చినప్పుడు మేము బడిలో ఉన్నాం, అర్థం కాలేదు. ఇంటర్‌కి వచ్చాక అర్థమైంది. మాకు ముందు వెళ్ళిన అన్నలు "టీచరు దారి ఇరుకైపోయిందిరా, కంప్యూటర్లు తీసుకోండి, సాఫ్ట్‌వేర్‌లో కులం అడగరు" అన్నారు. తీసుకున్నాం. కులం అడగరు నిజమే. కానీ ఎవరు తెలుసు అని అడుగుతారు. మాకు ఎవరూ తెలియదు.

పెద్ద కంపెనీలు మా కాలేజీకి రావు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. కంపెనీలు అలాంటి చోటికి వెళ్తాయి. మేము ఒకసారి వేరే ఊరి జాబ్ డ్రైవ్ ఉందంటే గూడెం వెళ్ళాం. భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు దాటేదాకా పాసింజరు తలుపు దగ్గర నిలబడి "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం. అక్కడికెళ్తే ఒక హాల్లో పది బల్లలు. బల్లకొక బోర్డు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అన్నది ఒక్కటీ లేదు, అన్నీ కన్సల్టెన్సీలే. ప్రతి బల్ల దగ్గరా రెజ్యూమె తీసుకున్నారు, ఫోన్ నంబర్ రాయించుకున్నారు, "కాల్ చేస్తాం" అన్నారు. సాయంత్రానికి ఉల్లిపాయల మార్కెట్ పక్కన టీ తాగి వెనక్కి వచ్చేశాం. ఒక్కొక్కరం పది చోట్ల నంబర్ ఇచ్చామన్నమాట. జాబ్ సైట్లలో పెట్టిన రెజ్యూమెలు వేరే. మా నంబర్లు ఎన్ని చేతులు మారాయో తెలియదు గానీ వారం తిరిగేసరికి ఫోన్లు మొదలయ్యాయి.

అన్నీ ఒకేలా ఉండేవి. ఆడగొంతు, చాలా మర్యాద, "అండీ" లేకుండా మాట లేదు. "మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయిందండి" అనేది. ఏ కంపెనీ అంటే "టాప్ ఎంఎన్‌సీ అండి, పేరు తర్వాత చెప్తాం". జీతం ఏడాదికి మూడున్నర లక్షలు. రిజిస్ట్రేషన్ 1,500. అలాంటివి ఆరేడు వదిలేశాం. మేమేం మరీ అమాయకులం కాదు.

ఎనిమిదోది మమ్మల్ని పట్టేసింది. అందులో ఒక మాట కొత్తగా ఉంది. "మీరు ఎస్టీ కదండీ? కంపెనీలో ఎస్టీ కోటా సీట్లు రెండు మిగిలిపోయాయి. మీలాంటి వాళ్ళకే ఇవ్వాలని మా సార్ చూస్తున్నారు."

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడ ఆగి చదవండి. ప్రైవేటు కంపెనీల్లో ఎస్టీ కోటా అనేది లేదు. రాష్ట్ర ఉద్యోగాల్లో 6 శాతం, కేంద్రంలో 7.5 శాతం, అది ప్రభుత్వ ఉద్యోగాలకి, ప్రభుత్వ రంగ సంస్థలకి. ప్రైవేటు కంపెనీ తనంతట తను ఏదైనా శిక్షణ కార్యక్రమం పెడితే పెట్టొచ్చు, అది దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. "మిగిలిపోయిన సీటు" ఏ కన్సల్టెన్సీ చేతిలోనూ ఉండదు. ఇది మాకు తెలియదా అంటే, పరీక్షలో అడిగితే రాసేవాళ్ళమే. కానీ పుట్టినప్పటి నుంచి సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్, పుస్తకాలు అన్నీ ఆ ఒక్క కాగితం మీదే వచ్చాయి కదా. ఇది కూడా వస్తుందేమో అనిపించింది. వాళ్ళు మా ఆశని చూసి మాట్లాడారు. ఆ మాటకే పడిపోయాం.

ఆఫీసు ఏలూరులోనే. కింద టైలరింగ్ షాపు, పక్కన జిరాక్స్, ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్ళాలి. లోపల ఏసీ. గోడ మీద పెద్ద పెద్ద కంపెనీల గుర్తులు అతికించి ఉన్నాయి. సార్ టై కట్టుకుని ఉన్నాడు. మేము చెప్పులు బయట విడుస్తుంటే "పర్లేదు బాబూ, రండి" అన్నాడు. ఆ ఒక్క మాటకే కరిగిపోయాం. ఆఫీసుల్లో మమ్మల్ని కూర్చోమన్నవాళ్ళు తక్కువ.

మొదట 1,500 రిజిస్ట్రేషన్. ఫోన్‌లో పది నిమిషాలు ఇంటర్వ్యూ అయింది, అడిగింది అంతా తేలిక. రెండు రోజులకి సెలెక్ట్ అన్నారు. అప్పుడు డాక్యుమెంటేషన్ 7,000. ఆ తర్వాత ట్రైనింగుకి, లాప్‌టాప్ డిపాజిట్‌కి కలిపి 30,000, "మొదటి జీతంతో పాటు రిఫండ్" అన్నారు. ఒకేసారి 38,500 అడిగి ఉంటే మెట్లు దిగి వచ్చేసేవాళ్ళం. 1,500 కట్టాం కాబట్టి 7,000 కట్టాం. 8,500 పోతుందేమోనన్న భయంతో 30,000 కట్టాం. డబ్బు లాగే పద్ధతే అది, అడుగు తర్వాత అడుగు. మధ్యలో అనుమానం వచ్చి రసీదు అడిగితే సార్ గొంతు మారింది. "మీ ట్రైబల్స్‌కి ఇదే ప్రాబ్లెం బాబూ, అవకాశం ఇస్తే నమ్మరు" అన్నాడు. అప్పుడు మాకు కోపం రావాలి. మాకు సిగ్గేసింది. ఫోన్‌పే చేసేశాం.

ఆ డబ్బు అమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు. మా నలుగురి అమ్మలూ సంఘాల్లో ఉన్నారు, అందుకే ఈ ముక్క రాయగలుగుతున్నాం. నెలనెలా కిస్తీ కట్టాలి. కట్టకపోతే అమ్మ ఒక్కదానిదే కాదు, సంఘం అందరి పరువూ పోతుంది.

ఆఫర్ లెటర్ పీడీఎఫ్‌లో వచ్చింది. రంగుల ముద్ర, సంతకం, ఉద్యోగి నంబరు. వచ్చింది మామూలు జీమెయిల్ నుంచి. ఆ రాత్రి హాస్టల్లో అందరికీ చూపించాం. వంట అన్న కూడా చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు. జాయినింగ్ తేదీ రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి ఇంక ఫోన్ కోసం ఆగలేదు. ఇద్దరం రాత్రి రైలు జనరల్ బోగీలో సికింద్రాబాద్ వెళ్ళాం. స్టేషన్లోనే మొహాలు కడుక్కుని ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నాం. మెట్రో ఎక్కి అమీర్‌పేట మీదుగా రాయదుర్గం, అక్కడి నుంచి ఆటో.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన లెటరు అటూ ఇటూ తిప్పి చూశాడు. మాట శ్రీకాకుళం యాస. "తమ్ముడూ, ఇది మా లెటర్ కాదు. మా వాళ్ళు ఇచ్చే లెటరు మీద ఇలా ఉండదు. ఎంత కట్టారు?" అన్నాడు. కట్టామని మేము చెప్పనేలేదు. ఆయనే అడిగాడు. మాలాంటివాళ్ళు అంతకు ముందు కూడా వచ్చారని అప్పుడే తెలిసిపోయింది. లోపలికి ఫోన్ చేసి అడిగాడు, ఆ నంబరుతో ఉద్యోగి ఎవరూ లేరన్నారు. మంచినీళ్ళ బాటిల్ ఇచ్చి పంపించాడు. తిరిగొచ్చేసరికి ఏలూరు ఆఫీసుకి తాళం. కింద టైలర్ని అడిగితే "వాళ్ళు నెలనెలా అద్దె కట్టేవాళ్ళే బాబూ, మొన్న రాత్రి సామాను తీసుకెళ్ళారు" అన్నాడు.

అసలు చెడ్డ కాలం ఆ తర్వాత మొదలైంది. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో జూనియర్లు "అన్నా, ఎప్పుడు జాయినింగ్?" అంటే "ప్రాజెక్టు లేటు" అన్నాం. అమ్మ ఫోన్ చేసి "చేరావా నాన్నా?" అంటే "వచ్చే వారం" అన్నాం. ఆ నెలలోనే మా హాస్టల్ నుంచి ఇంకొక జూనియర్ అదే సార్‌కి, ఇంకో నంబరులో, 1,500 కట్టాడని తర్వాత తెలిసింది. మేము నోరు తెరిచి ఉంటే వాడు కట్టేవాడు కాదు. మా డబ్బు తిన్నది కన్సల్టెన్సీ. వాడి డబ్బు పోవడంలో మా భాగం ఉంది. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

ఆ విషయం బయటపడ్డ రాత్రే మొదటిసారి రూములో నలుగురం కూర్చుని అంతా మాట్లాడుకున్నాం. కొల్లేరు వాడి నాన్న చేపల చెరువు మీద కాపలా. పట్టుబడి రోజున బొచ్చె, శీలావతి తూకం వేయడం, ఐసు పెట్టి లారీల్లో కలకత్తా పంపడం వాడు చిన్నప్పటి నుంచి చూసినవాడు. వాడు అన్నాడు: "ఏరా, చెరువు దగ్గర దళారి కమీషన్ కొనేవాడి దగ్గర తీసుకుంటాడు, లేకపోతే అమ్మేవాడి దగ్గర తీసుకుంటాడు. చేపని ఎప్పుడైనా అడిగాడా?" ఆ దిగుల్లో కూడా నవ్వొచ్చింది. కానీ మొత్తం విషయం అందులోనే ఉంది.

తర్వాత మా హాస్టల్లోనే చదివి ఇప్పుడు హైదరాబాదులో పనిచేస్తున్న జీలుగుమిల్లి అన్నకి ఫోన్ చేశాం. ఆయన తిట్టలేదు. నిజమైన ఏజెన్సీ ఎలా నడుస్తుందో గంటసేపు చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం.

రిక్రూట్‌మెంట్ ఏజెన్సీకి కస్టమర్ కంపెనీ, మనం కాదు. కంపెనీకి మనిషి కావాలి, వెతికే తీరిక లేదు, ఏజెన్సీకి చెప్తుంది. మనిషి చేరాక ఏజెన్సీ కంపెనీకి బిల్లు వేస్తుంది. మన దేశంలో మామూలుగా వినపడే లెక్క ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే సుమారు ఒక నెల జీతం. చేరినవాడు మూడు నెలల్లో మానేస్తే ఇంకొకర్ని చూపించాలని కూడా షరతు పెట్టుకుంటారు. అంటే మనం చేరితేనే వాళ్ళకి డబ్బు, నిలబడితేనే ఆ డబ్బు మిగులుతుంది. మన దగ్గర ముందే డబ్బు తీసుకున్నవాడికి మనం చేరినా చేరకపోయినా ఒకటే. వాడి సంపాదన అక్కడితో అయిపోయింది.

రెండో రకం కాంట్రాక్టు. దీన్ని థర్డ్ పార్టీ పేరోల్ అంటారు. పని పెద్ద కంపెనీలో, జీతం ఇచ్చేది ఏజెన్సీ. కంపెనీ మన పేరు మీద ఏజెన్సీకి నెలకి ఇంత అని ఇస్తుంది, అందులో తన భాగం ఉంచుకుని మిగతాది మనకి ఇస్తారు. ఇది మోసం కాదు, చాలామంది ఫ్రెషర్లు ఇలాగే మొదలుపెడతారు. కానీ చేరేముందు అడగాలి: పే స్లిప్ మీద ఎవరి పేరు ఉంటుంది, పీఎఫ్ కడతారా, జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ ఉందా, కాంట్రాక్టు ఎన్ని నెలలు, మానేస్తే బాండు ఏమైనా ఉందా. అడిగితే ఉద్యోగం పోతుందేమో అని భయపడొద్దు. నిజమైన వాళ్ళు చెప్తారు.

నిజమైన ఏజెన్సీలన్నీ కడిగిన ముత్యాలని కూడా అనడం లేదు. 2023లో టీసీఎస్‌లో కాంట్రాక్టు మనుషుల్ని ఇచ్చే సంస్థల వ్యవహారం మీద ఫిర్యాదులు వచ్చాయి. కంపెనీ విచారణ చేసి, 19 మంది ఉద్యోగుల ప్రమేయం ఉన్నట్టు తేలిందని, వాళ్ళలో 16 మందిని తొలగించామని, 6 సంస్థలను పక్కన పెట్టామని ఆ ఏడాది అక్టోబరులో ప్రకటించింది. అంత పెద్ద చోటే అలా ఉంటే, మెట్ల మీది ఆఫీసు సంగతి చెప్పేదేముంది. మధ్యలో మనిషి ఉన్న ప్రతి చోటా మన కన్ను మన మీదే ఉండాలి.

ఇది మనకి కొత్త కూడా కాదు. మేము ఏజెన్సీ పిల్లలం అని చెప్పుకుంటాం కదా. ఆ పేరు ఎలా వచ్చింది? 1839లో బ్రిటిష్ వాళ్ళు గంజాం, విశాఖ కొండ ప్రాంతాలని గవర్నర్ ఏజెంట్ కింద పెట్టారు. ఆ ఏజెంట్ ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ అయింది. మన కొండలకి పేరే మధ్యవర్తి పేరు. సంతలో చింతపండు, కుంకుళ్ళు, చీపుర్లు పట్టుకెళ్తే షావుకారు ఎంత ఇస్తే అంత. ఆ దోపిడీ ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పెట్టారు. తూకం వాడిదైతే నష్టం మనదని మన అవ్వలకి తెలుసు. మేము సంతలో దళారిని గుర్తుపడతాం. ఏసీలో కూర్చుని టై కట్టుకుంటే గుర్తుపట్టలేకపోయాం, అంతే తేడా.

మాకు వచ్చిన మిగతా రకాలు కూడా చిన్నగా చెప్పేస్తాం.

ఒకటి, బ్యాక్‌డోర్. లక్షన్నరో రెండు లక్షలో ఇస్తే మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇస్తారు, ఇంటర్వ్యూలో మన బదులు ఇంకొకడు మాట్లాడతాడు. డబ్బుతో పోదు ఇది. కంపెనీలు పీఎఫ్ నంబరు మీద పాత ఉద్యోగాల చరిత్ర చూస్తాయి. దొరికితే ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది, కేసు కూడా అవ్వొచ్చు. మన పిల్లల్లో ఒకడు దొరికితే "వీళ్ళంతా ఇంతే" అంటారు, అది ఇంకా పెద్ద నష్టం.

రెండు, ఇంటి దగ్గర డేటా ఎంట్రీ. కట్టేది ఏమీ ఉండదు, అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుంటారు. వారం రోజులు రాత్రీ పగలూ టైపు చేస్తే "తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు" అని లాయరు నోటీసు లాంటిది వాట్సాప్‌లో పంపి జరిమానా కట్టమంటారు. మా పక్క రూము వాడికి వచ్చింది. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. అలాంటి దానికి భయపడి కట్టకండి, ముందు తెలిసినవాళ్ళకి చూపించండి.

మూడు, విదేశం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుంది కదా. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని పంపారు. అక్కడ గదుల్లో పెట్టి మన దేశం వాళ్ళకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. ఆ నెలలో అక్కడున్న మనవాళ్ళు వందల మంది తిరగబడితే విషయం ప్రపంచానికి తెలిసింది. విదేశానికి పంపే ఏజెంటుకి 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సర్వీస్ ఛార్జీ తీసుకోకూడదు. పేరు ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అంటే ఫోన్ పెట్టేయండి.

ఇక మా డబ్బు సంగతి. 1930కి ఫోన్ చేశాం. అప్పటికి నెల దాటిపోయింది. "కట్టిన వెంటనే చేసి ఉంటే ఖాతా ఆపే వీలు ఉండేది" అన్నారు. అయినా ఫిర్యాదు నమోదైంది. స్టేషన్‌కి వెళ్ళి ఫోన్‌పే వివరాలు, మెసేజులు, ఆఫర్ లెటరు అన్నీ ప్రింటు తీసి ఇచ్చాం. ఇప్పుడు మోసం కేసు భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద వస్తుంది, పాత 420 అన్నమాట. ఇంకొక విషయం మాకు అక్కడే తెలిసింది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి కాగితం పెట్టుకున్నాం. డబ్బు ఇంకా రాలేదు. వస్తుందని కూడా రాయం.

ఇంట్లో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఫోన్‌లో చెప్పకూడదని ఊరెళ్ళాం. నలుగురం కలిసే వెళ్ళాం. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మొత్తం విన్నది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "కాగితాలు తీసుకున్నాడా?"

మాకు ముందు అర్థం కాలేదు. అమ్మ అడిగింది సర్టిఫికెట్ల గురించి. పదో తరగతి, ఇంటర్, కుల ధ్రువీకరణ పత్రం. ఆ కులం కాగితం కోసం అమ్మ కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగిందో మాకు గుర్తుంది. కన్సల్టెన్సీ సార్ కూడా ఒరిజినల్సే అడిగాడు, "వెరిఫికేషన్‌కి, పది రోజుల్లో ఇచ్చేస్తాం" అని. అవి మా దగ్గర లేవు. ఫీజు డబ్బులు పడలేదని కాలేజీలోనే ఉన్నాయి. జిరాక్సులే ఇచ్చాం. జీవితంలో మొదటిసారి ఫీజు బకాయి మాకు మేలు చేసింది.

"లేదమ్మా, అసలైనవి కాలేజీలోనే ఉన్నాయి" అన్నాం. అమ్మ ఊపిరి పీల్చుకుంది. "అయితే పోయింది డబ్బే. కిస్తీ నేను కడతాను. ఇంకోసారి ఎవడన్నా డబ్బులడిగితే నన్ను అడిగి కట్టు" అంది. చదువుకోని అమ్మని అడగాలని మాకు తట్టలేదు. అడిగి ఉంటే ఆ మెట్ల మీది సార్‌ని ఆమె ఒక్క ప్రశ్నతో పట్టేసేది: పని ఇచ్చేవాడు డబ్బులిస్తాడు గానీ తీసుకుంటాడేంట్రా?

అప్పటి నుంచి మా రూములో ఒక నోటు పుస్తకం పెట్టాం. ఉద్యోగం అంటూ ఫోన్ వస్తే అందులో రాస్తాం: తేదీ, నంబరు, ఏం పేరు చెప్పారు, ఏ కంపెనీ, ఎంత అడిగారు. ఇప్పుడు పక్క రూముల వాళ్ళు కూడా వచ్చి రాస్తున్నారు. ఒకే నంబరు ముగ్గురి దగ్గర మూడు పేర్లతో తేలింది. పుస్తకం మొదటి పేజీలో మేము రాసుకున్నవి ఇవి, మీరూ రాసుకోండి:

1. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, డిపాజిట్, ఏ పేరు పెట్టినా సరే, ఉద్యోగం కోసం డబ్బు అడిగితే అక్కడే ఆపేయాలి. 1,500 పోయినా పర్లేదు, 7,000 కట్టకూడదు.

2. "ఎస్టీ కోటా" అని ప్రైవేటు ఉద్యోగానికి ఫోన్ చేస్తే అది అబద్ధం.

3. ఆఫర్ లెటర్ ఏ మెయిల్ నుంచి వచ్చిందో చూడాలి. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగాలి, లెటరు మీద ఉన్న నంబరుకి కాదు.

4. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

5. ఓటీపీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటో, ఖాళీ కాగితం మీద సంతకం, ఇవేవీ ఇవ్వకూడదు.

6. ఉచితంగా ఉన్నవి ముందు వాడుకోవాలి. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ వెబ్‌సైట్, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు, మనకైతే కేఆర్ పురం ఐటీడీఏ. అక్కడికి కూడా కన్సల్టెన్సీలు వస్తాయి, అక్కడ కూడా ఒకటో నంబరు రూలు గుర్తుండాలి.

7. మోసపోతే అదే రోజు 1930. సిగ్గు రేపు పడొచ్చు.

పోయిన నెల మాలో ఒకడికి ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. అలవాటుగా "ఎంత కట్టాలండి?" అని అడిగాడు. అవతలి అమ్మాయి నవ్వి "ఏమీ కట్టక్కర్లేదు, కంపెనీ మాకు ఇస్తుంది" అంది. కాంట్రాక్టు ఉద్యోగం, నెలకి 16,000, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. రెండు రౌండ్లు కష్టంగానే అడిగారు. మొదటి రౌండు దాటాడు, రెండో దాంట్లో పోయాడు. ఓడిపోయి వచ్చి కూడా వాడు ఆ రోజు హాయిగా నిద్రపోయాడు. నిజమైన చోట ఓడిపోవడం వేరు. ఏం రాదో తెలిసింది, ఎస్‌క్యూఎల్ మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాడు. మేమూ వాడితో పాటే కూర్చుంటున్నాం.

ఇందులో మా పేర్లు పెట్టలేదు. పిరికితనం అనుకున్నా పర్లేదు, అమ్మ సంఘంలో వాళ్ళ పిల్లలు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. మీరూ పేర్లు పెట్టక్కర్లేదు. మీకు ఏ మాటతో ఫోన్ వచ్చింది, ఎంత అడిగారు, అది మాత్రం కింద రాయండి. డబ్బు కట్టి ఉంటే అది కూడా రాయండి. ఎవరూ నవ్వరు. నవ్వితే మా నలుగురిని చూసి నవ్వమనండి, మేము ముందే కట్టాం.

జై ఆదివాసీ.